పోర్టికోలో ప్లాస్టిక్ లాక్ టైల్స్: గోడ పక్క ముక్కలు ఇంట్లోనే కోసుకోవడం ఎట్లా?

గడియారం_నల్లగొండ

అందరికీ నమస్తే. కారు పెట్టే పోర్టికోలో షాబాద్ బండల మీద ఇంటర్‌లాకింగ్ ప్లాస్టిక్ టైల్స్ పరుస్తున్న. టైల్ 400 × 400 మి.మీ., మందం 13 మి.మీ. పైన గుండ్రటి బొడిపెలు, కింద మొత్తం తేనెపట్టు లెక్క గళ్లు. రెండు పక్కల రింగులు బయటికి ఉన్నయి, మిగిలిన రెండు పక్కల అంచు కింద పిన్నులు.

లోపలి కొలతలు: గోడ నుంచి గోడకు వెడల్పు 3,240 మి.మీ. వెనక గోడ నుంచి గేటు పట్టీ దాకా పొడవు 5,480. కుడి గోడకు ఒక పిల్లర్ ఉంది, 230 లోపలికి వచ్చింది, గోడ వెంబడి 300 పొడవు. వెనక మూలకు 110 మి.మీ. వాననీళ్ల పైపు దిగింది. నడుమ మోరీ జాలి.

గ్రైండర్‌కు ఇనుము కోసే చక్రం పెట్టి ఒక టైల్ కోస్తే, చక్రం ముందుకు పోతుంటే వెనకాల కోసిన సందు మళ్లీ అతుక్కుంటున్నది. అంచు పొడుగునా ముద్దలు. దీన్ని ఏ పనిముట్టుతో కోయాలె? మొత్తం ఎన్ని టైల్స్ తెప్పించాలె? గోడకు ఎంత సందు వదలాలె? పిల్లరు, పైపు, జాలి దగ్గర ఎట్ల కోస్తరు? తెలిసినవాళ్లు కొంచెం కొలతలతో సహా చెప్పండి.

రంపంపొట్టు (జడ్చర్ల)

అన్నా, ముందు గ్రైండర్ పక్కన పెట్టండి. ఆ చక్రం కోయదు, రాపిడితో అరగదీస్తది. మీరు చెప్పిన గళ్ల టైల్ పాలీప్రొపిలీన్ అయితది, అది 160 డిగ్రీలు దాటంగనే కరుగుతది. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే చక్రం కింద ఆ వేడి రెండు సెకన్లల్ల వస్తది. అందుకే ముందు కోసింది వెనక అతుక్కుంటున్నది. మార్బుల్ కట్టర్‌కు డైమండ్ బ్లేడ్ పెట్టినా ఇదే కథ.

ఇంకొక మాట గట్టిగ చెప్తున్న. గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు ఎక్కించమని ఎవరన్న సలహా ఇస్తే వినకండి. పన్ను ప్లాస్టిక్ గళ్లల్ల ఇరుక్కున్నదంటే గ్రైండర్ చేతిలకెళ్లి ఎగిరి మనిషి మీదికే వస్తది. వేళ్లు పోతయి.

కావాల్సింది జిగ్సా, అంటే సన్న బ్లేడు పైకి కిందికి ఆడే కరెంటు రంపం. బ్లేడు చూసుకొని కొనాలె. ఇనుము కోసే సన్నపళ్ల బ్లేడు పనికిరాదు. ప్లాస్టిక్ పొట్టు పళ్ల సందులల్ల నిండిపోయి, అక్కడనే కరిగి, బ్లేడు ఒట్టి రేకు లెక్క రుద్దుకుంటది. చెక్క కోసే బ్లేడు కావాలె, అంగుళానికి 10 పళ్లు, అంటే పన్నుకు పన్నుకు నడుమ 2.5 మి.మీ. దుకాణంల టి101బి అని అడిగితే ఇస్తరు, శుభ్రంగ కోస్తది. టి144డి అనేదాని పళ్లు 4 మి.మీ. దూరం, తొందరగ కోస్తది కాని అంచు గరుకు. గోడ మూలకు, స్కర్టింగ్ పట్టీ కిందికి పోయే ముక్కకు అది కూడ చాలు.

జిగ్సాల వేగం చక్రం 6 దాక ఉంటే 2 లేదా 3 మీద పెట్టండి. బ్లేడు ముందుకు వెనక్కి ఊగే ఆర్బిట్ మీటను సున్నాకు తిప్పండి. తోయొద్దు, దాని దారిన దాన్ని పోనియ్యాలె. పొట్టు పొడిపొడిగ, కొబ్బరి కోరు లెక్క రాలుతుంటే వేగం సరిపోయినట్టు. దారాలు దారాలుగ సాగుతుంటే వేడెక్కినట్టు. వెంటనే ఆపి, ఒక నిమిషం చల్లారనిచ్చి, ఇంకొంచెం తగ్గించుకొని మళ్ల పట్టండి.

టైల్ కింద రెండు చెక్క బద్దలు పెట్టి, నడుమ ఓ 30 మి.మీ. సందు వదిలి, బ్లేడు ఆ సందులకు దిగేటట్టు చేయండి. ఒక్క పక్కనే ఆధారం ఉంటే కోత చివర్ల టైల్ వంగి బ్లేడును పట్టేస్తది, ఆఖరి గడి చిరుగుతది. మేస్త్రీలు ప్లాస్టరింగ్‌కు వాడే అల్యూమినియం బద్దను టైల్ మీద సీ క్లాంపులతో బిగించి, జిగ్సా పాదాన్ని (అడుగు రేకును) దానికి ఆనించి నడపండి. బ్లేడు నుంచి పాదం అంచు దాక ఎంత దూరమో మీ మిషన్ మీద మీరే కొలుచుకోండి, ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క తీరు ఉంటది. బొడిపెల మీద పాదం ఎగరకుండ కోత గీత పొంటి రెండు వరసలు మాస్కింగ్ టేపు అంటించి, దాని మీదనే పెన్నుతోని గీయండి.

కొందరు తిరగేసి, గళ్లు పైకి పెట్టి కోస్తరు. పై అంచు ఇంకొంచెం శుభ్రంగ వస్తది నిజమే, కాని కొలత అద్దంల చూసినట్టు తారుమారైతది. ఎడమ కోయాల్సింది కుడి కోస్తే ముక్క చెత్తకే. మూలముక్కలకు ఇది అస్సలు వద్దు.

కోసినంక అంచుకు గరుకు కాగితం పెట్టకండి, నూగు లేస్తది. పదునైన కత్తి బ్లేడును నిట్టనిలువుగ పట్టి అంచు వెంబడి గీకితే దారాలన్నీ ఒక్క గీకుకు ఊడొస్తయి. కరిగి అంటిన ముద్దలుంటే పూర్తిగ చల్లారనియ్యండి, అప్పుడు గోటితో లేపినా పెళ్లల లెక్క లేస్తయి.

కొలతబద్ద (సూర్యాపేట)

కోత సంగతి పైన బాగా చెప్పారు. కోసే ముందు లెక్క చూద్దాం. మీ కొలతలు చూస్తే సగం కోతలు అవసరమే లేదు.

వెడల్పు 3,240. ఎనిమిది టైల్స్ వేస్తే 3,200. మిగిలేది 40. రెండు గోడల పక్క చెరి 20 మి.మీ. వదిలేయండి. అటూ ఇటూ ఒక్క టైల్ కూడా కోయనక్కర్లేదు. ఆ 20 కంటికి ఆనకుండా ఉండాలంటే ఎల్ ఆకారపు అల్యూమినియం పట్టీని గోడకు మాత్రమే స్క్రూ కొట్టండి, టైల్‌కు కొట్టకండి. పట్టీ అడ్డ అంచు కనీసం 30 ఉండాలి, టైల్ మీదికి 10 వస్తుంది.

పొడవు 5,480. గేటు దగ్గర వాలుగా ఉండే అంచు పట్టీ ఎక్కువగా 60 మి.మీ. ఉంటుంది, మీది ఎంతో కొలిచి మార్చుకోండి. 5,480 లోంచి పట్టీకి 60, గేటు దగ్గర 12, వెనక గోడకు 8 తీసేస్తే 5,400. పదమూడు వరసలకు 5,200. మిగిలిన 200 ఒక కోసిన వరస, అది వెనక గోడ పక్కన వేయాలి. ముందు పక్క నిండు టైలే ఉండాలి, కోసిన అంచుకు వాలు పట్టీ తగలదు.

8 × 13 = 104 నిండు టైల్స్, కోత వరసకు 8, మొత్తం 112. పిల్లర్, పైపు, తప్పుపోయే కోతలకు ఇంకో 6 కలుపుకొని 118 తెప్పించండి. తరవాత విడిగా కొంటే రంగు ఛాయ కలవకపోవచ్చు.

ఈ సందు ఎందుకో చెప్తాను, ఎందుకంటే చాలామంది గోడకు బిగుతుగా కొట్టేసి ఏప్రిల్‌లో టైల్స్ పాపడం లాగా లేచాక అడుగుతారు. పాలీప్రొపిలీన్ 10 డిగ్రీల వేడికి మీటరుకు సుమారు 1 మి.మీ. సాగుతుంది. నల్లగొండలో చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు, ఎండాకాలం మధ్యాహ్నం 44, 45. ముప్పై డిగ్రీల తేడా అనుకుంటే 5.4 మీటర్ల పొడవుకు 16 మి.మీ. పైన లెక్కలో పొడవున 20 వదిలాం కదా, దాని కోసమే. గేటు ముందు ఎండ నేరుగా పడే రెండు మూడు వరసలు గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతాయి, ముదురు రంగైతే ఇంకా ఎక్కువ. లాకుల్లో ఉండే కొంచెం వదులు ఆ మిగతాది మింగుతుంది. వాలు పట్టీని నేలకు జిగురుతో అంటించకండి, స్క్రూ కొట్టకండి. సాగడానికి ఒక కొస వదులుగా ఉండాలి.

కోసే టైల్స్‌ని ముందురోజే డబ్బాలోంచి తీసి నీడలో పరిచి పెట్టండి. ఎండలో ఉన్న టైల్ కొలిచి కోస్తే రాత్రికి పొట్టిదవుతుంది. పొద్దున్నే కొలిస్తే పైన చెప్పిన సందు వదలండి. మే నెల మధ్యాహ్నం రెండింటికి పరుస్తున్నారంటే టైల్ అప్పటికే సాగి ఉంటుంది కాబట్టి సందు సగమైనా చాలు.

ఇక దిక్కు. ఇది తప్పితే పనంతా తప్పుతుంది. రింగులు వెనక గోడ వైపూ ఎడమ గోడ వైపూ చూడాలి. పిన్నులు గేటు వైపూ కుడి గోడ వైపూ. ముందు వాలు పట్టీ పరవండి, రింగులున్న రకం పట్టీ అడగండి. కుడి మూల నుంచి మొదలుపెట్టి ఎడమకు, వరస అయ్యాక వెనక్కి. ఇలా వస్తే ప్రతి టైల్‌నూ పైనుంచి అదిమితే పిన్ను రింగులో కూర్చుంటుంది, రబ్బరు సుత్తెతో ఒక దెబ్బ. ఆఖరి కోత వరస కూడా పైనుంచే దిగుతుంది. దిక్కు తిరగేశారంటే ఆ 200 ముక్క రింగుల్ని గోడ పక్క ఇరుకులో పాత వరస కిందికి దూర్చాలి, చేతులు పట్టవు.

ఎడమ గోడ పక్క ఎనిమిదో నిలువు వరసకు రింగులు బయటికి పొడుచుకొని ఉంటాయి. వాటిని కటింగ్ ప్లయర్‌తో మొదలంటా తుంచేయండి. వదిలేస్తే మీరు వదిలిన 20 సందును ఆ రింగులే తినేసి గోడకు తంతాయి.

గడియారం_నల్లగొండ

కొలతబద్ద అన్నా, చాలా థ్యాంక్స్. వెడల్పుకు కోతే అవసరం లేదని నాకు తట్టనే లేదు. రెండు అనుమానాలు. కోత వరసకు 200 కావాలంటే ఒక టైల్‌ను రెండు చేస్తే రెండు ముక్కలు వస్తయి కదా, 8 టైల్స్ ఎందుకు, 4 చాలవా? రెండోది, మా పక్కింటివాళ్లు ఇట్లాంటివే కత్తితో కోసిన్రు. మరి నాకు జిగ్సా ఎందుకు?

రంపంపొట్టు (జడ్చర్ల)

నాలుగు చాలవన్నా. ఒక టైల్ చేతిల పట్టుకొని చూడండి. రెండు ముక్కలు చేస్తే గేటు వైపు సగానికి పిన్నులుంటయి, వెనక సగానికి రింగులుంటయి. మీకు కావాల్సింది పిన్నులున్న సగమే, అదే 13వ వరస రింగులల్ల దిగుతది. రింగుల సగాన్ని ఎట్ల తిప్పినా అక్కడ అతకదు. ఎదురెదురు గోడలకు రెండు దిక్కుల కోత పడే ఇండ్లల్ల అయితే ఒక గోడకు పోయినంక మిగిలిన ముక్క ఎదురు గోడకు పనికొస్తది, అది కూడ రెండు ముక్కల కొలతలు కలిపి 398 దాటకుంటేనే. బ్లేడు తినేది ఒకటిన్నర మి.మీ. ఉంటది. మీకు అట్ల లేదు కాబట్టి 8 కావాలె. మిగిలిన సగాలను పడేయకండి. పిల్లరు కోతకు ముందు బ్లేడు వేగం చూసుకోవడానికి, జాకీ కింద పెట్టే ప్లైవుడ్‌కు అడుగున వేసుకోవడానికి ఉంటయి.

పక్కింటివాళ్లవి పీవీసీ టైల్స్ అయి ఉంటయి. అవి 5 నుంచి 7 మి.మీ. మందం, నిండుగ, బరువుగ, రబ్బరు లెక్క వంగుతయి, అంచుకు పావురం తోక లెక్క పళ్లుంటయి. వాటికి స్టీల్ బద్ద, కొత్త కత్తి బ్లేడు చాలు. ఒకే గీతల నాలుగైదుసార్లు గీసి వంచితే విడిపోతది. మీ గళ్ల టైల్‌కు కత్తి పెడితే పై పొర గీరుకుంటది, కింది గళ్లు తెగవు, వంచితే ఎక్కడ పడితే అక్కడ చీలుతది.

ఏదో తెలియకుంటే చిన్న ముక్క నీళ్ల బకెట్ల వేయండి. పాలీప్రొపిలీన్ తేలుతది, పీవీసీ మునుగుతది. గళ్లల్ల గాలి ఇరుక్కోకుండ, రింగు తుంచిన ముక్క లాంటిదాంతోని చూడండి. నిప్పు పెట్టి వాసన చూసే పరీక్ష వద్దు, పీవీసీ పొగ ఊపిరితిత్తులకు చెడ్డది. కోసిన పొట్టు కూడ కాలబెట్టకండి. కింద టార్పాలిన్ పరిచి కోసుకుంటే మొత్తం ఎత్తి సంచిల వేసుకోవచ్చు, లేకుంటే మొదటి వానకే మోరీల పడుతది.

పాలమూరు_పనిముట్లు

ఎనిమిది కోతలు, ఒక పిల్లరు, ఒక పైపు. దీనికోసం జిగ్సా కొననక్కరలేదని నా మాట. ఇంట్ల వడ్లాయన వాడే చేతి రంపం ఉంటే, అంగుళానికి 8 నుంచి 10 పళ్లది, నిదానంగ కోసుకోవచ్చు. చేతి వేగానికి ప్లాస్టిక్ కరగదు. రంపం రేకుకు మైనపు వత్తి రుద్దితే జారుతది. రంపాన్ని బాగ పడుకోబెట్టి, నేలకు 30 డిగ్రీల వాలుల పట్టండి, నిలువుగ పడితే గళ్ల గోడలను తన్నుకుంటది. హాక్సా, అంటే ఇనుము కోసే ఫ్రేము రంపం, మాత్రం వద్దు. పళ్లు సన్నం, పైగ ఒక 100 మి.మీ. కోసేసరికి ఫ్రేము టైల్ అంచుకు తగిలి ఆగిపోతది, 400 పొడుగు కోత దాంతోని కానే కాదు.

కాని పిల్లరు కోతకు లోపలి మూలలుంటయి, అక్కడ జిగ్సానే సుఖం. ఒక్కరోజుకు కిరాయికి తెచ్చుకోండి.

పిల్లరు లెక్క చూడండి. గోడ నుంచి 230 వచ్చింది, అందుల 20 సందు పోతే టైల్ మీద పడేది 210. దానికి 10 సందు కలిపితే 220 లోతు. పొడుగు 300కు రెండు పక్కల 10 కలిపి 320. పిల్లరు మొత్తం ఒకే టైల్ పరిధిల పడితే 220 × 320 గాటు ఒక్కటే, టైల్‌ల 180 వెడల్పు మెడ మిగులుతది, గట్టిగనే ఉంటది. రెండు టైల్స్ అతుకు మీద పడితే ఒక్కోదానికి ఎల్ ఆకారపు గాటు. ఎట్ల కోసినా 50 కంటే సన్నటి మెడ మిగలకుండ చూసుకోండి, టైరు ఎక్కితే అక్కడనే విరుగుతది.

ముందు అట్టముక్క 400 × 400 కోసి పిల్లరు దగ్గర కూర్చోబెట్టి చూడండి. ప్లాస్టరింగ్ చేసిన పిల్లరు కింద వెడల్పుగ, పైన సన్నంగ ఉంటది, కొలత నేల దగ్గరనే తీసుకోవాలె. అట్ట కుదిరినంక దాన్ని టైల్ మీద పెట్టి గీయండి. గాటు లోపలి రెండు మూలలకు 10 మి.మీ. బిట్టుతోని రంధ్రాలు కొట్టి, అప్పుడు కోత మొదలుపెట్టండి. రంధ్రం ఉంటే జిగ్సా బ్లేడు తిరగనీకి చోటుంటది. ఇంకా ముఖ్యం, మూల గుండ్రంగ ఉంటది కాబట్టి పగులు పుట్టది. చాకుతోని గీసినట్టు పదునైన మూల వదిలితే ఆరు నెలలకు అక్కడి నుంచే సన్న గీత బయలుదేరుతది. డ్రిల్లు కూడ నిదానంగనే తిప్పండి, కింద చెక్కముక్క పెట్టండి.

పైపు వెనక మూలకు ఉంది, అంటే 200 ముక్కల పడుతది. నిండు గుండ్రటి రంధ్రం అక్కరలేదు, గోడ దిక్కు తెరిచి ఉండే యూ ఆకారం చాలు, ముక్క ముందు నుంచి జారుతది. వెడల్పు 130, పైపుకు చెరో పక్క 10. లోతుకు, వెనక గోడ నుంచి పైపు ముందు అంచు దాక 140 ఉందనుకోండి, 8 సందు తీసి 10 కలిపితే 142. ముందల 58 మిగులుతది. టైరు పోని మూల కాబట్టి సరిపోతది.

మోరీ జాలి సంగతి చాలామంది మర్చిపోతరు. దాని మీద టైల్‌ను మామూలుగ లాక్ చేస్తే మళ్ల లేవదు. ఎందుకంటే దాని పిన్నులు పైకి లేస్తయి గాని, దాని రింగులు పక్క టైల్స్ కింద ఇరుక్కొని ఉంటయి. జాలి మీద వచ్చే ఆ ఒక్క టైల్‌కు రెండు పక్కల రింగులు మొత్తం తుంచేయండి. అప్పుడు అది తన పిన్నుల మీదనే కూర్చుంటది, నాలుగు పక్కల టైల్స్ దాన్ని కదలనియ్యవు, ఒక స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే నిట్టనిలువుగ లేస్తది. మీరు కారు అక్కడనే కడిగేటట్టయితే, పైన రంధ్రాలు లేని టైల్ కాబట్టి, ఆ టైల్‌కు 12 మి.మీ. రంధ్రాలు ఓ ఇరవై కొట్టండి, జాలికి సూటిగ పడేటట్టు. రెండు నెలలకొకసారి లేపి మన్ను తీయకుంటే కింద నీళ్లు నిలిచి దోమలైతయి.

కొలతబద్ద (సూర్యాపేట)

చేతి రంపం మాట నేనూ ఒప్పుకుంటాను. ఇంకో మూడు చిన్న సంగతులు.

200 కొలిచేటప్పుడు టైల్ అసలు అంచు నుంచి కొలవాలి, గేటు వైపు పిన్నులున్న అంచు నుంచి. వెనక రింగుల కొస నుంచి కొలిస్తే ప్రతి ముక్కా రింగు పొడవంత తేడా వస్తుంది. వరసలో మొదటి ముక్క పెట్టి చూశాకే రెండోది కోయండి.

వెనక గోడ తిన్నగా ఉందనుకోకండి. 13 వరసలూ పరిచాక ఒక్కో టైల్ ఎదురుగా ఎడమ కొసనా కుడి కొసనా రెండుచోట్ల గోడదాకా కొలిచి, రెండింటిలోంచీ 8 తీసి, ఆ రెండు చుక్కలు కలిపి గీయండి. ఒక కొస 197, ఇంకో కొస 203 రావడం మామూలే. ముక్క అడుగున చాక్‌పీస్‌తో 1, 2, 3 అని రాసుకోండి.

గీత గీశాక టైల్ తిరగేసి ఒకసారి గళ్లు చూడండి. కోత సరిగ్గా ఒక గడి గోడ మీదే పడుతుంటే బ్లేడు ఆ గోడకు అటూ ఇటూ జారి వంకర పోతుంది. సందును 8 బదులు 6 చేసుకుంటే కోత ఆ గోడను దాటి అవతల పడుతుంది, అంచు కింద గళ్ల గోడ నిలబడి ఉంటుంది, తొక్కితే కుంగదు. రెండు మి.మీ. జరిపితే ముక్క బలమే మారిపోతుంది.

షాబాద్ బండల్లో ఒకటి పక్కదానికంటే 3 మి.మీ. కన్నా ఎక్కువ లేచి ఉంటే పరిచే ముందే ఆ అంచు అరగదీయించండి, మీ దగ్గరున్న గ్రైండర్ దానికి పనికొస్తుంది. లేకపోతే కారు ఎక్కిన ప్రతిసారీ అక్కడ టప్ టప్ మంటుంది, లాకు తొందరగా అరుగుతుంది.

గడియారం_నల్లగొండ

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఇప్పుడే బకెట్ల రింగు ముక్క వేసి చూసిన, తేలింది. 118 టైల్స్‌కు, రింగులున్న వాలు పట్టీకి చెప్తున్న. పట్టీ వెడల్పు 60 కాదు, 55 అంటున్నడు దుకాణాయన. అప్పుడు కోత ముక్క 205 అయితది కదా?

కొలతబద్ద (సూర్యాపేట)

అవును, 205. లేదంటే 200 గానే ఉంచి ఆ 5 గేటు పక్క సందుకు కలపండి, 17 అవుతుంది. తిరగేసి గళ్లు చూసి, ఏ కోత కింద గడి గోడ నిలుస్తుందో అదే ఎంచుకోండి.

రంపంపొట్టు (జడ్చర్ల)

కోసేటప్పుడు కండ్లద్దాలు పెట్టుకోండన్నా, మెడల తువ్వాల ఉంటే తీసి పక్కన పెట్టండి. బ్లేడులు రెండు ఎక్కువ కొనుక్కోండి, ఒకటి వంగితే పని నడుమల ఆగొద్దు.